పెద్దావిడ పక్షం

మా ఆయన గొంతు బొంగురుపోతోందని మొదట పట్టుకున్నది లైన్‌మన్.

"మాస్టారూ, ఇదేం గొంతు? పెద్దావిడ పాటలు రోజంతా వినేవాళ్లకి తేనె కారాలి గానీ ఇలా రంపం కోత పడుతుందా?" అన్నాడు ఒక సాయంత్రం కొట్లో అడుగుపెడుతూనే.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా కత్తెర బల్లమీద పెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడ్డాడు. నేను గుండీ కుట్టడం ఆపి చూశాను. ఆయన నా వైపు చూడకుండా మళ్లీ కత్తెర తీసుకున్నాడు.

అప్పటికి బళ్లకి వేసవి సెలవులిచ్చేశారు. ఊరంతటికీ సెలవులైతే దర్జీ ఇంటికి మాత్రం అదే చావుపని. బళ్లు తెరిచేలోగా యూనిఫారాలన్నీ కుట్టి ఇవ్వాలి. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు మేం ఉండేది. మా ఆయన కత్తిరించేవాడు, మా మరిది మెషీన్ తొక్కేవాడు, కాజాలూ గుండీలూ అంచుకుట్లూ నావి. ముదురు నీలం గుడ్డ తానులు గోడవారగా మనిషెత్తున ఉండేవి. ఎటు తిరిగినా నీలమే. కళ్లు మూసుకున్నా నీలమే. చూపుడువేలి కొస మొద్దుబారి, సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు.

ఆ పనంతా పాటల మధ్యన సాగేది. అలమార మీద పాత టేప్‌రికార్డరు, దాని పక్కన అరిగిపోయిన క్యాసెట్ల గుట్ట. అన్నదమ్ములిద్దరికీ పాత సినిమా పాటల పిచ్చి. ఆ పిచ్చి ఉన్నవాళ్లందరికీ సాయంత్రమయ్యేసరికి మా కొట్టు గుర్తొచ్చేది. చొక్కా కుట్టించుకోడానికి వచ్చేవాళ్లకన్నా, ఏ గొంతు గొప్పదో తేల్చుకోడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. అందులో రోజూ తప్పనివాళ్లు ఇద్దరు. ఒకడు కరెంటు లైన్‌మన్, నోరు పెద్దది, మనసు మంచిది. రెండో ఆవిడ టైపు మేడమ్. కోర్టులో ఏళ్లతరబడి టైపు కొట్టి రిటైరైన మనిషి. పెళ్లీ పెటాకులూ లేని ఒంటరి ప్రాణం.

వీళ్ల తగువంతా ఇద్దరు గాయనుల మీద. వాళ్లని పేర్లు పెట్టి పిలిస్తే నోరు పోతుందన్నట్టు ఒకరిని పెద్దావిడ, ఇంకొకరిని చిన్నావిడ అనేవారు, అదేదో ఇద్దరూ మా ఇంటి ఆడపడుచులైనట్టు. మా ఆయన పెద్దావిడ పక్షం.

"ళ అనే అక్షరాన్ని ళ లాగా పలికిన గొంతురా అది! ఎంత పొడుగు చరణమైనా సరే, ఊపిరి ఎక్కడ తీసుకుందో వేలెట్టి చూపించు, నా కత్తెర నీ కాళ్ల దగ్గర పెడతాను" అనేవాడు.

మరిది చిన్నావిడ పక్షం. "ఊపిరి వినపడకపోతే అది మనిషా, కీ ఇచ్చిన బొమ్మా? చిన్నావిడ పాడితే ముందు నవ్వు వస్తుంది, వెనకాల మాట వస్తుంది. పక్కన కూచుని పాడినట్టుంటుంది అన్నయ్యా" అనేవాడు. లైన్‌మన్ అటే. టైపు మేడమ్ ఎటూ కాదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తుడుచుకుంటూ, "రుజువేది?" అనేది ఇద్దరినీ.

ఇక మొదలు. టేపు వెనక్కి తిప్పడం, ఒకే చరణం పదిసార్లు వినడం, 'అదిగో అక్కడ', 'ఎక్కడ? ఏదీ?' అని అరుచుకోవడం. ఒక ఊయల పాట చివర పెద్దావిడ స్వరం కాస్త జారిందా లేదా అన్నదానిమీద అన్నదమ్ములు వారం రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ మధ్యలో ఇద్దరికీ అన్నాలు విడివిడిగా పెట్టింది నేను. నాకు తలనొప్పిగా ఉండేదంటే అబద్ధం కాదు.

గొంతు బాగుపడలేదు. నాలుగు రోజులు వేడినీళ్లు, ఇంకో నాలుగు రోజులు మాత్రలు. చివరికి మరిదీ నేనూ కలిసి బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గొంతులోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూచున్నాడు. అప్పుడే అర్థమైంది నాకు.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం, ఇక ఊపిరి అక్కణ్ణించే. మాట ఉండదు, ప్రాణం ఉంటుంది. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు.

మా ఆయన, "సీజన్ అయిపోయాక వస్తామండీ" అన్నాడు.

"ఏం సీజన్?"

"యూనిఫారాలండీ."

డాక్టరు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చుకోకుండా పెద్దావిడ పడవపాట పెట్టుకున్నాడు. ఏటి మధ్యలో ఒంటరిగా పడవ నడుపుకుంటూ ఒకామె పాడే పాట అది. చివర్లో మాటలు అయిపోయాక వట్టి కూనిరాగం ఒకటి సాగి సాగి సన్నబడిపోతుంది. ఆ పాటంటే ఆయనకి ప్రాణం. అది అయ్యేదాకా ఆగి అడిగాను.

"ఎప్పుడు వెళ్దాం?"

"వెళ్లం."

"ఏమనుకుంటున్నారు మీరు?"

"నోరు మూసుకుని బతకమంటావా నన్ను?"

"బతకమంటాను" అన్నాను.

ఆయన మళ్లీ టేపు వెనక్కి తిప్పాడు. నాకు ఎక్కడలేని నీరసం వచ్చింది. ఏడుపు కూడా కాదు, వట్టి నీరసం. లేచి వెళ్లి, టేప్‌రికార్డరు వైరు గోడలోంచి పీకి, చుట్టచుట్టి, నా బట్టల పెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. "మీరు ఆపరేషన్‌కి ఒప్పుకునేదాకా ఈ ఇంట్లో పాట వినపడదు" అన్నాను.

ఆయన నమ్మలేదు. పెళ్లయ్యాక నేను ఆయన మాటకి అడ్డం చెప్పింది చాలా తక్కువ. మరిది మెషీన్ ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. ఆ రోజునుంచీ కొట్లో మెషీన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

సాయంత్రం వచ్చిన లైన్‌మన్‌కి సంగతి పూర్తిగా తెలియక, "వైరు పోతే ఏముంది వదినగారూ, నా దగ్గర లేని వైరా?" అని సంచి విప్పబోయాడు. నేను తలెత్తి చూశాను. సంచి మూసేశాడు. మరిది అతన్ని బయటికి తీసుకెళ్లి చెప్పాడు. లోపలికి వచ్చినప్పుడు అతని ముఖంలో నెత్తుటిచుక్క లేదు. టైపు మేడమ్ మాత్రం మా ఆయన్నే చూస్తూ, "అమ్మాయి పిటిషన్ సబబుగానే ఉంది మాస్టారూ. ఇందులో మీకు వాయిదా దొరకదు" అని లేచి వెళ్లిపోయింది.

ఆయన పంతం అలాగే సాగింది కొన్నాళ్లు. నాతో మాట్లాడటం మానేశాడు. మానేసిన మాటలు ఎలాగూ సరిగ్గా వచ్చేవీ కావు. గొంతులో ఇసుక పోసినట్టు చప్పుడు. ముద్ద మింగడానికి అవస్థ పడుతుంటే కంచం వంకే చూస్తూ కూచునేదాన్ని. ఒక పొద్దున గుడ్డ మీద గీతలు గీస్తూ గీస్తూ ఆగి, తల ఎత్తకుండానే, "వైరు పెట్టు. ఇవాళ సాయంత్రం అందరం విందాం. రేపు వెళ్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ కొట్టు నిండింది. ఆయన ఊయల పాట మీదా, పడవపాట మీదా ఇక మాట పెగలకుండా పోయేదాకా వాదించాడు. మరిది ఎదురు చెప్పబోయి చెప్పలేక, "సరే అన్నయ్యా, నువ్వే గెలిచావు" అన్నాడు. దానికి ఆయనకి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "జాలి పడకురా! వాదించు!" అని బల్ల గుద్దాడు. అప్పుడు మరిది కళ్లనీళ్లు తుడుచుకుని, చిన్నావిడ మీద ఈగ వాలనీకుండా వాదించాడు.

ఆసుపత్రిలో చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్లేముందు నాతో ఏదైనా అంటాడేమోనని చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను. తలుపు దగ్గర నా చెయ్యి వదిలి మరిదిని పిలిచి, "చిన్న తరగతుల నిక్కర్లకి జేబు లోతు తగ్గించకు, పిల్లలు గోళీలు వేసుకుంటారు" అన్నాడు. ఆ గొంతుతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

తిరిగి ఇంటికి రావడానికి ముందు, మాట నేర్పే అమ్మాయి ఒకామె ఆయన చేతిలో చిన్న యంత్రం పెట్టింది. టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి, మీట నొక్కి, పెదాలు కదిపితే మాట వస్తుంది. "ఏదో ఒకటి అనండి అంకుల్, సిగ్గుపడకండి" అంది.

ఆయన ఆనించి, "నేను" అన్నాడు.

రేకుడబ్బాలో తుమ్మెద పడి కొట్టుకున్నట్టు జుయ్‌మంటూ వచ్చింది ఆ మాట. హెచ్చు లేదు, తగ్గు లేదు, ఎండిన కర్రలా. పక్క మంచం మీది మనిషి తిరిగి చూశాడు. మా ఆయన ఆ యంత్రాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దాని సంచిలో పెట్టి, జిప్పు లాగేశాడు. జీవితమంతా గొంతుల్లో తప్పులు వెతికిన మనిషి. పెద్దావిడ స్వరం వెంట్రుకవాసి జారిందంటే వారం రోజులు నిద్రపోని మనిషి. ఆయనకి ఆ చప్పుడు ఎలా వినపడి ఉంటుందో నాకు తెలుసు. అందుకే, మళ్లీ ప్రయత్నించమని నేనూ అనలేదు.

ఇంటికొచ్చాక కత్తిరించే బల్ల వెనకగదికి మార్పించి, అక్కడే కూచుని తలుపు వేసుకున్నాడు. పని మానలేదు. గుడ్డ లోపలికి వెళ్లేది, కత్తిరించిన ముక్కలు బయటికి వచ్చేవి. చొక్కాలకి పోగా మిగిలిన తెల్లగుడ్డతో మెడ దగ్గర కట్టుకోడానికి చిన్న చిన్న తెరలు కుట్టిపెట్టాను నేను. వాటి వెనకనుంచి ఊపిరి వచ్చీపోయే చప్పుడు గదంతా వినపడేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మరిది ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేవాడు.

నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే, సుద్దముక్కతో చేతికందిన నీలం గుడ్డమీదే రాసేవాడు. 'టీ.' 'మూడో సైజు.' 'వద్దు.' నేను దులిపేసి మరిదికి ఇచ్చేదాన్ని. అలిసిపోయిన రోజుల్లో దులపడం మరిచిపోయేదాన్ని. ఆ ఏడాది ఏ పిల్లవాడో 'వద్దు' అని లోపల రాసి ఉన్న నిక్కరు తొడుక్కుని బడికి వెళ్లే ఉంటాడు.

లైన్‌మనూ మేడమూ రావడం తగ్గించారు. వచ్చినా వీధిలోనే నిలబడి, "ఎలా ఉన్నారు మాస్టారు?" అని గొంతు తగ్గించి అడిగి వెళ్లిపోయేవారు. ఎవరూ లేని ఇంట్లో పాట పెట్టడానికి మరిదికి చేతులు రాలేదు. ఇదివరకు ఏ గోల తగ్గితే బాగుండునని రోజూ అనుకున్నానో, ఆ గోల పూర్తిగా పోయింది. నేను సుఖపడ్డానా అంటే, లేదు. పని ఇదివరకటికి రెట్టింపైంది. కాజాలతో పాటు మెషీన్ కూడా తొక్కుతున్నాను. సాయంత్రానికి నడుము నాది కాదనిపించేది. అన్నింటికన్నా ఎక్కువ అలుపు ఆ మూసిన తలుపు చూస్తుంటే వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం మరిది ఉన్నట్టుండి అన్నాడు. "వదినా, ఇవాళ వాళ్లిద్దరినీ రమ్మన్నాను. పాటలు పెడదాం."

"మీ అన్నయ్య ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతేనే కదా కావలసింది."

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. పరామర్శకి వచ్చినట్టు కుర్చీల కొసన కూచున్నారు. మరిది పడవపాట పెట్టాడు. చివరి కూనిరాగం దగ్గరికి వచ్చేసరికి లైన్‌మన్ గొంతు సవరించుకుని అన్నాడు. "నాకెవరో చెప్పారు. ఈ చివరి రాగం పెద్దావిడ పాడలేదట. ఆరోజు ఆవిడకి ఒళ్లు వెచ్చబడిందని, చిన్నావిడ చేత పాడించి అతికించారట."

వెనకగదిలో కత్తెర ఆగింది.

పడవపాట మీద అంతమాట మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనలేదు. మరిది మెషీన్ వదిలి లేచాడు. పుట్టి బుద్ధెరిగాక చిన్నావిడని తప్ప ఇంకొకరిని మెచ్చనివాడు, లైన్‌మన్ ఎదురుగా నిలబడి, అచ్చం వాళ్లన్నయ్యలా చెయ్యి ఊపుతూ అన్నాడు.

"అబద్ధం! అది పెద్దావిడ గొంతే. ఆ... ఆ సాగదీత వింటే తెలియట్లా?"

"ఏం సాగదీత?"

"అదే... ఊపిరి వినపడదు చూడు."

"చివర్లో వినపడుతోంది కదయ్యా. అందుకేగా చిన్నావిడ అంటున్నది!"

"రుజువేది?" అంది మేడమ్ అలవాటుగా. మరిది నీళ్లు నమిలాడు. పాపం, అవతలి పక్షం వాదన ఇన్నేళ్లు విన్నాడు గానీ వాడికి ఒంటబట్టలేదు.

నేను వాణ్ణి పక్కకి లాగి, "కావాలనే చేస్తున్నారా ఇద్దరూ?" అన్నాను మెల్లగా.

"అన్నయ్య లేకపోతే అటువైపు ఎవరున్నారు వదినా? నేనైనా ఉండాలి కదా" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. మా ఆయన ముదురు నీలం గుడ్డ ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. మెడ దగ్గరి తెల్లతెర ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. గుడ్డ మెషీన్ బల్లమీద పరిచి, సుద్దతో గబగబా రాశాడు. 'రాగం ఆవిడదే. చరణం చివరి మాట విను.' లైన్‌మన్ వంగి చదివేలోగా మరిది ఇంకేదో అన్నాడు, మేడమ్ ఇంకేదో అడిగింది, వాదన ఊయల పాట మీదికి మళ్లింది. ఆయన గుడ్డ తిప్పి మళ్లీ రాశాడు. అది రాసేసరికి ఇంకో పాట. మాట పరిగెడుతోంది, సుద్ద కుంటుతోంది. సుద్ద విరిగింది. ఆయన ఆ ముక్కని గోడకేసి కొట్టి లోపలికి వెళ్లాడు.

అయిపోయింది, ఇక రాడు అనుకున్నాను. జిప్పు లాగిన చప్పుడు వినపడింది.

గుమ్మంలో నిలబడి, ఆ యంత్రం మెడకి ఆనించి, "కాదు" అన్నాడు.

జుయ్‌మన్న ఆ ఒక్క మాటకి గది బిగుసుకుపోయింది. మరిది తల దించుకున్నాడు. లైన్‌మన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్లమీద పెట్టుకున్నాడు. మా ఆయన కళ్లు అందరి ముఖాలమీదా తిరిగాయి. ఎవరి ముఖంలో జాలి కనపడినా ఆ యంత్రం మళ్లీ సంచిలోకి పోతుందని నాకు తెలిసిపోయింది.

టైపు మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది.

"కాదంటే చాలదు మాస్టారూ. ఎందుకు కాదో చెప్పండి" అంది విసుగ్గా.

ఆయన యంత్రాన్ని మెడకి సరిగ్గా ఆనించుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. "చరణం చివర 'కళ్ళు' అనే మాట ఉంది. ఆ ళ దగ్గర నాలుక మడిచింది. మడిచిన నాలుక దించకుండానే రాగం అందుకుంది. మధ్యలో తెంపు లేదు. అతికిస్తే అతుకు తెలుస్తుంది. నేను దర్జీని. అతుకు నాకు తెలియదా?"

అంత పొడుగు మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు యంత్రం జారితే మళ్లీ చెప్పాడు. ఎవరూ మాట అందివ్వబోలేదు.

మరిది టేపు వెనక్కి తిప్పాడు. అందరూ విన్నారు. లైన్‌మన్ తల గోక్కున్నాడు. "ఏమో, నాకు అంత తెలియట్లేదు" అన్నాడు.

"మళ్లీ పెట్టు" అన్నాడు మా ఆయన.

"ళ మాత్రం స్పష్టంగా పలికారు" అంది మేడమ్. పెద్దావిడ గురించి అందో, ఆయన గురించి అందో చెప్పలేదు.

నేను టీ పెట్టే నెపంతో వెనక్కి వెళ్లి, పొయ్యి ముందు నిలబడి, టీ పొంగిపోతున్నా చూస్తూ ఉండిపోయాను. ముందుగదిలోంచి నాలుగు గొంతులు వినపడుతున్నాయి. వాటిలో ఒకటి తుమ్మెద చప్పుడు. ఆ చప్పుడే అందరికన్నా ఎక్కువ మాట్లాడుతోంది.

ఆ తర్వాత వెనకగది తలుపు మూయలేదు. బల్ల మళ్లీ ముందుగదికి వచ్చింది. కొలతలివ్వడానికి వచ్చిన పిల్లలు మొదట బెదిరి తల్లుల వెనక దాక్కునేవారు. తర్వాత్తర్వాత, "ఇంకోసారి మాట్లాడు తాతా" అని అడిగేవారు. ఆయనకి అరవై ఏళ్లయినా లేవు. తాత అన్నందుకు మాత్రం కోపం వచ్చేది. పడవపాట తగువు తెగలేదు. ఆ కబురు ఎవరు చెప్పారని లైన్‌మన్‌ని నిలదీస్తే ఇప్పటికీ మాట దాటేస్తాడు. మరిది తన పక్షానికి తను తిరిగి వెళ్లిపోయాడు.

బళ్లు తెరిచారు. ఆఖరి మూట ఇచ్చేసి వచ్చిన మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మరిది నిద్ర కరువు తీర్చుకోడానికి లోపల పడుకున్నాడు. వీధిలో ఇంటర్వెల్‌కి వదిలిన పిల్లల అరుపులు. నేను గోడకి ఆనుకుని, గుండీ ఊడి వెనక్కి వచ్చిన చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచుని, యంత్రం మెడకి ఆనించుకున్నాడు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"ఇదే. నా గొంతు. నిజం చెప్పు."

అన్నేళ్లు ఆ కొట్లో కూచున్నా, ఒక గొంతు గురించి నన్ను అభిప్రాయం అడిగింది అదే మొదటిసారి. బాగుందని అంటే ఆయన జన్మలో నన్ను నమ్మడు.

"బాలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఇంకా?"

"ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కోపమొచ్చినా, టీ అడిగినా ఒకటే రాగం. పొద్దున పిలిస్తే ఈగలు ముసిరాయేమో అనుకుని చెయ్యి విసిరాను."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి కాస్త పట్టింది. ఆ నవ్వుకి చప్పుడు లేదు, మెడ దగ్గరి తెర మాత్రం గబగబా కొట్టుకుంది.

"మరి ఎలా?" అన్నాడు.

"ఎలా ఏముంది? మాట్లాడండి. నేను వింటాను."

మాట్లాడాడు. వచ్చే ఏడాది నీలం గుడ్డ ఇంకోచోట కొనాలని, దీని రంగు దిగుతోందని. ఆసుపత్రిలో పక్క మంచం మనిషికి పాటలంటే ఏమీ తెలియదని. లోపలికి తీసుకెళ్లేటప్పుడు నాతో ఏదో చెప్పాలనుకుని, ఏం చెప్పాలో తోచక జేబుల సంగతి చెప్పానని. ఎడతెగకుండా, ఒకే ఎత్తులో, జుయ్యిమంటూ. నేను ఊకొడుతూనే ఉన్నాను. సూది చొక్కాలోనే ఉంది, దారం చేతిలోనే ఉంది. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే, ఆ వేసవి మొత్తంలో మొదటిసారి, గోడకి ఆనుకుని ఆదమరిచి నిద్రపోయాను.